దుమ్మును తూచే కొలువు: ఇండస్ట్రియల్ హైజీన్ అంటే ఏమిటి, అందులోకి దారి ఎటు?

పోయిన సంక్రాంతికి ఒంగోల్లో అక్క వాళ్లింటికి వెళ్తే, భోజనాలయ్యాక బావ నన్ను వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "ఏం బామ్మర్దీ, మావాడు బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇప్పుడు హైజీన్ కోర్సు చేస్తానంటన్నాడు. హైజీనంటే బాత్రూములు కడిగించడమేగా? దానికి మళ్లీ చదువెందుకంట?"

నవ్వొచ్చింది గానీ బావ తప్పేం లేదు. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నా, నా ఉద్యోగం పేరు చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో ముందు కనిపించేది చీపురే. దానికి తోడు మేనల్లుడి ఫోన్ నిండా ప్రకటనలు: ఆరు వారాల సేఫ్టీ సర్టిఫికెట్, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయని ప్రకటించిన దగ్గర్నుంచి ఇవి మరీ ఎక్కువయ్యాయి. సేఫ్టీ ఆఫీసరు, ఆక్యుపేషనల్ హెల్త్, ఈహెచ్‌ఎస్, ఇండస్ట్రియల్ హైజీన్ అన్నీ ఒకే మూటలో కట్టి అమ్ముతున్నారు. ఆ మూట విప్పి, ఏది ఏమిటో విడివిడిగా చూద్దాం.

ఒకే షెడ్డులో మూడు రకాల మనుషులు

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ కటింగ్ షెడ్డు అనుకోండి. క్రేన్ చైను తెగి స్లాబు కాలి మీద పడుతుందేమోనని చూసేవాడు సేఫ్టీ ఆఫీసరు. ప్రమాదం క్షణంలో జరుగుతుంది, అందరికీ కనిపిస్తుంది. పదిహేనేళ్లు అదే షెడ్డులో పనిచేసి, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వచ్చిన మనిషి ఎక్స్‌రే చూసేది ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టరు. ఈ ఇద్దరి మధ్యలో ఒకడున్నాడు. ఆ పదిహేనేళ్లలో మనిషి ముక్కు ముందు గాలిలో ఏముంది, ఎంతుంది, ఆ మోతాదు ఒంటికి పడుతుందా పడదా అని కొలిచి, ఎక్కువగా ఉంటే తగ్గించే ఏర్పాటు చేయించేవాడు. అతనే ఇండస్ట్రియల్ హైజీనిస్టు. ఈహెచ్‌ఎస్ అనేది ఈ పనులన్నిటికీ పర్యావరణం బాధ్యత కూడా కలిపి కంపెనీలు పెట్టుకున్న శాఖ పేరు.

పుస్తకాలు ఈ పనిని నాలుగు మెట్లుగా చెబుతాయి: ముందే ఊహించడం, గుర్తించడం, కొలవడం, అదుపు చేయడం. కొలవడం తప్ప మిగతా మూడూ ఏదో ఒక రూపంలో సేఫ్టీ వాళ్లూ చేస్తారు. ఈ వృత్తిని విడిగా నిలబెట్టేది మూడో మెట్టు. దుమ్ము, వాయువు, చప్పుడు, వేడి ఏదైనా సరే, అంకె వచ్చేదాకా అది అనుమానమే.

మన నేలకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్లోరోసిస్ మన దేశంలో తొలిసారి వైద్య పత్రికలకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పళ్ల మీద గార, వంగిన నడుములు జనానికి అంతకు ముందే తెలుసు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచాకే ఏ బావి నీళ్లు తాగొచ్చో, ఏవి తాగకూడదో తేలింది. నీటి విషయంలో జరిగిన ఆ పనే, పనిచోట గాలి విషయంలో చేయడం ఇండస్ట్రియల్ హైజీన్.

ఒకే దుమ్ము, రెండు తీర్పులు

చీమకుర్తి రాయి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నల్లటి నేలలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్యాబ్రో జాతి రాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అసలు గ్రానైట్‌లో క్వార్ట్జ్ అయిదో వంతుకు పైనే ఉంటుంది. గ్యాబ్రో జాతి రాళ్లలో అది బాగా తక్కువ.

ఇదెందుకు ముఖ్యమంటే, ఊపిరితిత్తులను గట్టిబరిచే సిలికోసిస్‌కు మూలం ఆ క్వార్ట్జే, అంటే స్ఫటిక రూపంలో ఉన్న సిలికా. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. లోపలి గాలి తిత్తుల దాకా పోయేది పది మైక్రాన్ల కన్నా సన్నటి పొడి, అందులోనూ ఎక్కువ భాగం నాలుగు మైక్రాన్ల లోపుది. మనిషి వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. దాన్నిబట్టి ఊహించుకోండి. ఆ పొడి దిగిన చోట మచ్చకట్టిన ఊపిరితిత్తి మళ్లీ మామూలు కాదు. సిలికోసిస్‌కు మందు లేదు. పైగా అది ఉన్నవాళ్లకు టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. దగ్గు, బరువు తగ్గడం రెంటిలోనూ ఉంటాయి కాబట్టి, 'నువ్వేం పని చేస్తావయ్యా' అని డాక్టరు అడక్కపోతే టీబీ అని రాసి పంపేస్తారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. కొత్త కోడ్ వచ్చేదాకా నడిచిన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో క్వార్ట్జ్ ఉన్న దుమ్ముకు ఒక సూత్రం ఉండేది. పీల్చదగిన సన్నటి దుమ్ములో క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, దాంతో పదిని భాగించాలి. వచ్చిందే పరిమితి, ఘనపు మీటరు గాలికి మిల్లీగ్రాముల్లో.

కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టాం. దాని గొట్టం కాలర్ దాకా వస్తుంది. చివర సైక్లోన్ అనే వేలెడంత పరికరం ఉంటుంది. అది ముతక దుమ్మును గిరగిరా తిప్పి కింద పడేసి, సన్నటిదాన్ని మాత్రం ఫిల్టర్ మీదకు వదులుతుంది. నిమిషానికి 1.7 లీటర్ల చొప్పున ఎనిమిది గంటలు పీలిస్తే 816 లీటర్లు, అంటే 0.816 ఘనపు మీటర్ల గాలి. సాయంత్రానికి ఫిల్టర్ బరువు 0.9 మిల్లీగ్రాములు పెరిగిందనుకుందాం. భాగిస్తే ఘనపు మీటరుకు 1.1 మిల్లీగ్రాములు.

ఆ దుమ్ములో క్వార్ట్జ్ 1.5 శాతమే అయితే పరిమితి 2.86. మనకు వచ్చింది 1.1 కాబట్టి పరిమితి లోపలే ఉన్నట్టు. అదే షెడ్డులో మరుసటి వారం బయటి నుంచి తెచ్చిన ఎర్ర గ్రానైట్ బ్లాకు కోశారనుకోండి, క్వార్ట్జ్ 20 శాతం. ఇప్పుడు పరిమితి 0.45. అదే మిషను, అదే మనిషి, అదే 1.1. కానీ పరిమితికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. కంటితో చూస్తే రెండు రోజులకూ తేడా ఏమీ తెలియదు. 'మా చీమకుర్తి రాయితో ఎవరికీ ఏం కాదు' అనే యజమాని మాటలో కొంత నిజముంది. 'దుమ్మంటే దుమ్మే, అంతా విషమే' అనే యూనియన్ నాయకుడి మాటలోనూ కొంత ఉంది. ఏ రోజు ఎవరి మాట నిజమో చెప్పేది ల్యాబులో క్వార్ట్జ్ ఎంతుందో తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ రిపోర్టు. అది కూడా రాయిని కాదు, గాల్లోంచి పట్టిన ఆ సన్నటి పొడిని పరీక్షించాలి, ఎందుకంటే రాయిలో ఉన్న శాతమే పొడిలోనూ ఉండాలని లేదు.

అమెరికాలో 2016 నుంచి లెక్క ఇంకా కఠినం. ఏ దుమ్మైనా సరే, అందులోని క్వార్ట్జ్ ఒక్కటే ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. మన రెండో ఉదాహరణలో అది 0.22, అంటే నాలుగు రెట్లకు పైన. మన సూత్రాన్ని క్వార్ట్జ్ భాషలోకి మార్చితే 20 శాతం దగ్గర 0.09 వస్తుంది. అక్కడి పరిమితికి దాదాపు రెట్టింపు. మన పరిమితిని తగ్గించాలనేవాళ్లు రోగాన్ని చూపిస్తారు. వద్దనేవాళ్లు అంత తక్కువ మోతాదును నమ్మకంగా కొలిచే ల్యాబులు ఎన్నున్నాయి, ఒక్కో శాంపిల్‌కు అయ్యే ఖర్చు చిన్న షెడ్డు ఎలా భరిస్తుంది అని అడుగుతారు. రెండో ప్రశ్న తప్పించుకునే మాటలా వినిపిస్తుంది గానీ, పంపు, మైక్రో బ్యాలెన్స్, ల్యాబు బిల్లు చూసినవాడికి అది నిజమైన ప్రశ్నే.

నా మొదటి శాంపిల్ పాడైన రోజు

ఈ కొలత ఎంత సున్నితమో నా తొలి అనుభవమే చెబుతుంది. ఊరు, కంపెనీ పేరు అనవసరం. పొద్దున్నే అయిదుగురికి పంపులు కట్టి, ఫ్లో సరిచూసి, నోటుబుక్కులో సమయాలు రాసుకున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్లొచ్చేసరికి పాలిషింగ్ దగ్గరి పెద్దాయన బరువుగా ఉందని బెల్టు విప్పి, పంపుతో సహా సైక్లోన్‌ని రాతి బల్ల మీద తలకిందులుగా పెట్టి నిద్రపోతున్నాడు. సైక్లోన్ తిరగబడితే కింద గిన్నెలో పోగైన ముతక దుమ్మంతా ఫిల్టర్ మీద పడుతుంది. ఆ ఫిల్టర్ బరువు మిగతా నలుగురివాటికంటే పదింతలు చూపించింది. రిపోర్టులో రాసి ఉంటే షెడ్డు మూసేయాల్సినంత అంకె. శాంపిల్ కొట్టేశాను. ఆయన్ని మాత్రం ఏమీ అనలేకపోయాను. కట్టేటప్పుడు పడుకోబెట్టకూడదని నేను చెప్పలేదు కదా.

అదే షెడ్డులో ఇంకో సంగతి గమనించాను. కోత అంతా నీళ్లతోనే జరుగుతోంది. బ్లేడు మీద ధారగా నీళ్లు, కింద బూడిదరంగు స్లరీ. 'అంతా తడి కటింగే సార్, దుమ్మెక్కడిది' అన్నాడు సూపర్‌వైజరు. నిజమే, కోసేటప్పుడు లేదు. కానీ ఆ స్లరీ నేల మీద, కాలువ గట్ల మీద ఎండి పిండిలా మారుతోంది. సాయంత్రం దాన్ని పొడిగానే చీపురుతో ఊడుస్తున్నారు. షిఫ్టు దిగే ముందు కుర్రాళ్లు కంప్రెసర్ గొట్టంతో ఒకరి చొక్కా మీద ఒకరు గాలి కొట్టుకుంటున్నారు. ఆ అయిదు నిమిషాల్లో పీల్చేది ఆ రోజంతా కోసినప్పటి కన్నా ఎక్కువేమో అనిపించింది. అందుకే తర్వాతి రోజు ఆ అయిదు నిమిషాలనూ విడిగా కొలిచాం.

తువ్వాలు, మాస్కు, నీళ్లు: అదుపు ఎక్కడ మొదలవుతుంది

ముఖానికి చుట్టిన తువ్వాలు ముతక దుమ్మును ఆపుతుంది, చెమట తుడుచుకోవడానికి పనికొస్తుంది. నాలుగు మైక్రాన్ల పొడికి అది గడప లేని గుమ్మం. ఎన్95 మాస్కు ముఖానికి సరిగ్గా అంటుకుంటే లోపలి గాలిలో దుమ్ము పదో వంతుకు తగ్గుతుందని లెక్క. అంటే మన 0.22 కాస్తా 0.022 అవుతుంది. కానీ గడ్డం ఉంటే, పట్టీ వదులైతే, మే నెలలో ఊపిరాడక మధ్యమధ్యలో కిందికి లాక్కుంటే ఆ లెక్క చెల్లదు. అందుకే ఈ వృత్తిలో మాస్కు అన్నిటికన్నా చివరి అడ్డుకట్ట. ముందు దుమ్ము పుట్టకుండా చూడటం, పుట్టిన చోటే నీళ్లతోనో పీల్చే గొట్టంతోనో పట్టేయడం, మనిషి అక్కడుండే సమయం తగ్గించడం. పై ఉదాహరణలో పరిష్కారం పెద్ద మిషనేమీ కాదు. స్లరీ ఎండకముందే కడిగేయడం, కంప్రెసర్ గొట్టం బదులు పీల్చే వ్యాక్యూమ్ పెట్టడం.

సగటు దాచిపెట్టేది: రొయ్యల ప్లాంటు

నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో కథ వేరు. రొయ్య నల్లబడకుండా మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. ఆ పొడిని నీళ్లలో పోస్తున్నప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ పైకొస్తుంది, గొంతు పట్టేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. అదే రెండో షెడ్యూల్ ప్రకారం దానికి రెండు పరిమితులు: ఎనిమిది గంటల సగటు 2 పీపీఎం (అంటే పది లక్షల వంతుల గాలిలో రెండు వంతులు), పదిహేను నిమిషాల సగటు 5 పీపీఎం.

ఒక అమ్మాయి రెండు గంటలు ఆ తొట్టి దగ్గర సగటున 4 పీపీఎం పీల్చింది, మిగతా ఆరు గంటలు గ్రేడింగ్ బల్ల దగ్గర 0.5 అనుకుందాం. రెండు నాలుగులు ఎనిమిది, ఆరు అరలు మూడు, మొత్తం పదకొండు. ఎనిమిదితో భాగిస్తే 1.4కు లోపు. రోజు మొత్తానికి పాసే. కానీ ఆ రెండు గంటల్లో పొడి పోసిన పదిహేను నిమిషాలు 9 పీపీఎం ఉంటే రెండో పరిమితి దాటినట్టే. రోజంతటి సగటు మాత్రమే చూపించే రిపోర్టు ఆ పదిహేను నిమిషాలను మింగేస్తుంది. మంచి హైజీనిస్టుకూ ఫారాలు నింపేవాడికీ తేడా తెలిసేది ఇక్కడే.

ఐస్ ప్లాంటుల్లో అమ్మోనియా ఇంకో రకం మోసగాడు. దాని పరిమితి 25 పీపీఎం. వాసన అంతకన్నా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది, కానీ ఏళ్ల తరబడి అక్కడే ఉన్న ఆపరేటర్ ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. 'నాకేం వాసన రాలేదన్నా' అనే మాటను కొలత కింద రాసుకోకూడదు.

అన్నీ ముక్కుతోనే లోపలికి పోవు. కందుకూరు, పొదిలి వైపు పొగాకు కోత రోజుల్లో తడి ఆకు మోసిన కూలీలకు తల తిరగడం, వాంతులు వస్తుంటాయి. ఆకు మీది తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా పోవడమే కారణం. గాలి పంపు ఎంతసేపు పెట్టినా అక్కడ ఏమీ దొరకదు.

చెవి విషయంలో లెక్కల తగాదా ఇంకా పెద్దది. మన ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 90 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు, 95లో నాలుగు గంటలు ఉండొచ్చు. అయిదు డెసిబెల్స్ పెరిగితే సమయం సగం. అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు 85 దగ్గర మొదలై, మూడు డెసిబెల్స్‌కే సమయాన్ని సగం చేస్తుంది. సగం షిఫ్టు 95లో, సగం 90లో ఉన్న రాతి మిషను ఆపరేటర్‌కు మన లెక్కలో ఒకటిన్నర రెట్లు మోతాదు. నియోష్ లెక్కలో దాదాపు ఆరున్నర రెట్లు. ఏ అంకె రాశామన్నదే కాదు, ఏ లెక్కలో రాశామన్నది కూడా రిపోర్టులో ఉండి తీరాలి.

క్వారీకి ఒక చట్టం, షెడ్డుకు ఒక చట్టం

రామతీర్థం కొండ దగ్గర బ్లాకు తీసే క్వారీ నిన్నటిదాకా 1952 నాటి గనుల చట్టం కింద, ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ పరిధిలో ఉంది. ఆ బ్లాకు లారీ ఎక్కి నాలుగు కిలోమీటర్లు వచ్చి షెడ్డులో దిగగానే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. రాయి అదే, దుమ్మూ అదే, ఇన్‌స్పెక్టర్లు వేరు, పరిమితి లెక్కలు వేరు. పొగాకు పొలం ఈ రెండింట్లోనూ రాదు.

కొత్త ఓఎస్‌హెచ్ కోడ్ (నాలుగు లేబర్ కోడ్లలో పనిచోట భద్రత, ఆరోగ్యం చూసేది) ఈ రెంటితో కలిపి 13 చట్టాలను ఒక్క గొడుగు కిందకు తెచ్చింది. దాని మీద వాదన రెండు వైపులా ఉంది. మంచి జరుగుతుందనేవాళ్లు చూపించేవి ఇవి: పాత చట్టంలో వెయ్యిమంది ఉన్న ఫ్యాక్టరీకి తప్పనిసరైన సేఫ్టీ ఆఫీసరు, ఇప్పుడు అయిదు వందలకే కావాలి. ప్రమాదకర ప్రక్రియలైతే 250కి, గనుల్లో వంద మందికే. 40 దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష. రెండో వైపు వాళ్లు చూపించేది ఫ్యాక్టరీ అనే మాటకు నిర్వచనం. కరెంటు వాడే చోట పదిమందికి బదులు ఇరవై మంది ఉంటేనే ఇప్పుడు ఫ్యాక్టరీ. పన్నెండు, పదిహేను మందితో నడిచే పాలిషింగ్ యూనిట్లు చుట్టూ ఎన్నో చూస్తాం. అవి పదిమంది దాటిన సంస్థలుగా కోడ్ కిందే ఉంటాయి గానీ, ఫ్యాక్టరీలకని రాసిన ప్రత్యేక నిబంధనలు వాటికి దూరమవుతాయి.

హైజీనిస్టు కళ్లతో చూస్తే మరో మార్పు కనిపిస్తుంది. పాత చట్టంలో పరిమితుల పట్టిక చట్టంలోనే షెడ్యూలుగా ఉండేది. కోడ్ ఆ పనిని రాష్ట్రాల రూల్స్‌కు వదిలింది. పరిమితిని కాలంతోపాటు సవరించడం దీంతో తేలికవుతుందనేది ఒక చదువు. రాష్ట్రానికో అంకె రావచ్చనేది ఇంకో చదువు. ఆరోగ్య పరీక్షల సంగతీ అంతే. అవి మంచివే. కానీ ఎక్స్‌రేలో మచ్చ కనపడేసరికి దుమ్ము లోపలికి పోయి చాలాసార్లు పదేళ్లు దాటి ఉంటుంది. పరీక్ష మనిషిని చూస్తుంది, శాంపిల్ గాలిని చూస్తుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేస్తే లెక్క సగమే.

ఏ చదువు ఎక్కడికి తీసుకెళ్తుంది

ఇక మేనల్లుడి ప్రశ్న. ఈ రంగంలోకి ఒకే తలుపు లేదు, తికమకకు అదే కారణం.

మన దగ్గర బాగా తెలిసింది ఏడీఐఎస్, అంటే ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా. కేంద్ర కార్మిక శాఖ కింది డీజీఫాస్లీకి ముంబైలో కేంద్ర సంస్థ, చెన్నై వంటి నగరాల్లో ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి, ఈ కోర్సు అక్కడ చెబుతారు. నెల్లూరు వాళ్లకు చెన్నై పొద్దున రైలెక్కితే చేరే దూరమే. సేఫ్టీ ఆఫీసరు కొలువుకు రూల్స్ అడిగేది ఇలాంటి డిప్లొమానే. ఇంజనీరింగ్ డిగ్రీ వాళ్లకు రెండేళ్లు, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లకు అయిదేళ్లు ఫ్యాక్టరీ అనుభవం కూడా ఉండాలి. కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. చక్కటి షరతు. కాకపోతే మన క్వారీల్లో సగం మాటలు ఒడియాలోనూ హిందీలోనూ వినిపిస్తాయి. తెలుగు వచ్చిన ఆఫీసరు అక్కడ సైగలతో నెట్టుకొస్తుంటాడు.

కానీ ఏడీఐఎస్ ప్రధానంగా సేఫ్టీ చదువు. హైజీన్ అందులో ఒక భాగం. హైజీన్‌నే అసలు సబ్జెక్టుగా చెప్పే ఎమ్మెస్సీలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గుజరాత్‌లోని వల్లభ్ విద్యానగర్‌లో ఇండస్ట్రియల్ హైజీన్ అండ్ సేఫ్టీ పేరుతోనే కోర్సు ఉంది. మనకు దగ్గర్లో చెన్నై శ్రీ రామచంద్ర సంస్థలో ఈ రంగంలో ఏళ్లుగా పరిశోధన నడుస్తోంది. దుమ్ము రోగాల మీద దేశంలో పెద్ద పరిశోధనా కేంద్రం అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐఓహెచ్. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు మూడు నెలల ఏఎఫ్ఐహెచ్ సర్టిఫికెట్ వేరే దారి. అది ఫ్యాక్టరీ డాక్టరు కావడానికి, పంపులు కట్టడానికి కాదు.

అంతర్జాతీయంగా చూస్తే ఓహెచ్‌టీఏ అనే సంస్థ పాఠాలు ఉన్నాయి. దుమ్ము, వాయువుల కొలత ఒకటి, చప్పుడు ఒకటి, వేడి ఒకటి, ఇలా వారం వారం మాడ్యూళ్లు. మనవాళ్లు తక్కువగా విన్నా, పనికి నేరుగా పనికొచ్చేవి ఇవే అని నా అభిప్రాయం. అన్నిటికన్నా పైన సీఐహెచ్, అంటే సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్టు సర్టిఫికెట్. దానికి సైన్సు డిగ్రీ, ఈ రంగంలో కొన్నేళ్ల అనుభవం, కఠినమైన పరీక్ష అన్నీ కావాలి. కోర్సు ఫీజు కట్టి తెచ్చుకునే కాగితం కాదది. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే నెబోష్ మంచి పేరున్న బ్రిటిష్ అర్హతే, కానీ అది కూడా మొత్తం భద్రతా నిర్వహణ గురించి. దాన్ని హైజీన్ సర్టిఫికెట్‌గా చెప్పి అమ్మేవాళ్లు అబద్ధమే చెబుతున్నారు.

మేనల్లుడి కెమిస్ట్రీ ఇందులో తక్కువదేమీ కాదు. మోల్స్ నుంచి పీపీఎంకు, పీపీఎం నుంచి మిల్లీగ్రాములకు మార్చడం ఈ వృత్తిలో రోజువారీ కూడిక తీసివేతల లాంటిది. టైట్రేషన్‌లో చుక్క తేడాకు మళ్లీ మొదలుపెట్టే ఓర్పు ఉన్నవాడు ఫిల్టర్ తూచగలడు. వాడికి లేనిది షెడ్డు అలవాటు. బ్లేడు చప్పుడు మధ్య నిలబడి ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉంటున్నారో చూసే కన్ను క్లాసులో రాదు.

కొలువులు ఉన్నాయా, లేవా

బావ అసలు అడగాలనుకున్నది ఇదే. రెండు జవాబులూ నిజమే. ఒంగోలు, నెల్లూరు చుట్టూ 'ఇండస్ట్రియల్ హైజీనిస్టు కావలెను' అన్న బోర్డు నేనింతవరకు చూడలేదు. ఇక్కడ ఆ పని సేఫ్టీ ఆఫీసరు నెత్తిన పడుతుంది, లేదా ఏడాదికోసారి చెన్నై, హైదరాబాద్ నుంచి కన్సల్టెన్సీ వాళ్లొచ్చి కొలిచి పోతారు. ఆ పేరుతోనే ఉద్యోగాలిచ్చేవి పెద్ద ఫార్మా కంపెనీలు, చమురు సంస్థలు, కన్సల్టెన్సీలు, గల్ఫ్‌లోని పెద్ద ప్రాజెక్టులు. ఇల్లు వదలక తప్పదనేవాళ్ల మాట ఇందుకే బలంగా ఉంటుంది.

కానీ పని లేదని కాదు. నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో బొగ్గు, బూడిద, చప్పుడు, వేడి అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టు ఉంది. మార్కాపురం పలకల రాయి ఉంది. అదే పలక రాయి జాతితో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు చేసిన కార్మికులు సిలికోసిస్‌తో ఎంత నష్టపోయారో ఈ రంగంలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అవసరానికీ ఉద్యోగ ప్రకటనకూ మధ్య ఖాళీ ఉంది. అది కోడ్ రూల్స్ అమలును బట్టి నిండవచ్చు, నిండకపోవచ్చు. సేఫ్టీ ఆఫీసరుగా చేరి, ఉన్నచోటే కొలతలు నేర్చుకుని, తర్వాత హైజీన్‌లోకి మారినవాళ్లే నాకు తెలిసినవాళ్లలో ఎక్కువ. నేనూ అలాగే వచ్చాను.

బావకు ఇదంతా వసారాలో కూర్చుని చెప్పాను. సగం విన్నాడు, సగం వినలేదు. చివరికి, "అయితే బాత్రూములు కాదంటావు" అన్నాడు.

పోయిన నెల ఒక షెడ్డులో శాంపిళ్లు తీయాల్సి వచ్చి మేనల్లుణ్ని వెంట తీసుకెళ్లాను. పంపు కట్టించుకుంటున్న ఒక నడివయసు ఆపరేటర్ వాణ్నే సారనుకుని అడిగాడు: "సార్, ఇది పెడితే నా గుండెల్లో ఎంత దుమ్ముందో తెలుస్తదా?" వాడు నా వైపు చూశాడు. తెలియదని, ఇది గాలిని చూస్తుందే గానీ నిన్ను కాదని, నిన్ను చూడ్డానికి ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష ఉంటాయని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన తలూపి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే మేనల్లుడు నా దగ్గరికి రాలేదు. ఆ ఆపరేటర్ పక్కనే రాయి మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు, ఒక కన్ను ఆయన కాలర్ దగ్గరి సైక్లోన్ మీదే ఉంచి.